అటక మీది వాల్వు రేడియో: చదవడం, ఎంచుకోవడం, మోగించడం

1947 ఆగస్టు 14 అర్ధరాత్రి ఢిల్లీ నుంచి నెహ్రూ ప్రసంగం. 1948 జనవరి 30 రాత్రి గాంధీజీ మరణవార్త. అదే సంవత్సరం సెప్టెంబరు 17న హైదరాబాదు రేడియోలో నిజాం లొంగుబాటు ప్రకటన. మన తాతల తరం ఈ మూడింటినీ విన్నది వాల్వు రేడియోలోనే. ఇంటిల్లిపాదీ కూర్చుని వినగలిగిన రేడియో అప్పుడు అదొక్కటే. అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లో ట్రాన్సిస్టరు పుట్టింది 1947 డిసెంబరులో. అది జేబు రేడియోగా అక్కడి బజారులోకి రావడానికి 1954 దాకా పట్టింది. మన ఊళ్ళలో చేతిలో రేడియో పట్టుకు తిరిగే రోజులు 1960ల తరవాతి మాట.

ఈ సంచిక చదివేవాళ్ళలో చాలామంది యాభై దాటినవాళ్ళం. మనం బడిలో చదివే రోజులకే ఇంట్లో ట్రాన్సిస్టరు మోగుతుండేది, వాల్వు సెట్టు అటకెక్కింది. ఇప్పుడు ఆ పాత ఇళ్ళు అమ్ముతున్నాం, లేదా అపార్టుమెంట్లకు ఇస్తున్నాం. అటక దులిపే రోజున ఆ సెట్టు పాత సామాన్లవాడి తక్కెట్లోకి వెళ్ళాలా, ముందుగదిలోకి రావాలా అన్నది మన చేతిలోనే ఉంది. ఇంట్లో లేనివాళ్ళు పాత వస్తువుల అంగట్లో కొని తెచ్చుకుంటున్నారు. ఈ ఇద్దరికీ పనికివస్తుందని ఈ వ్యాసం. పాత రేడియో ఒక దస్తావేజు లాంటిది. ఏ స్టేషను కోసం, ఏ కరెంటు మీద, ఎటువంటి ఇంటికి కొన్నారో దాని ఒంటి మీదే రాసి ఉంటుంది. ముందు అది చదవడం నేర్చుకుంటే ఎంచుకోవడం తేలిక. మోగించేటప్పుడు ఆ రాతను చెరపకుండా చూసుకోవడం మన బాధ్యత.

ఏ స్టేషను కోసం కొన్నారు?

మన దేశంలో 1927 జులై 23న బొంబాయిలో ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ ప్రసారాలు మొదలుపెట్టింది. అంతకు మూడేళ్ళ ముందే మద్రాసులో సి.వి. కృష్ణస్వామి చెట్టి గారు నడిపిన ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు గాలిలోకి మాట పంపింది. బొంబాయి కంపెనీ 1930లో మూతపడితే ప్రభుత్వం చేతిలోకి తీసుకుంది. 1936లో దానికి ఆలిండియా రేడియో అని పేరు పెట్టారు. ఆ సంస్థ మద్రాసు స్టేషను 1938 జూన్ 16న మొదలైంది. కోస్తాలోనూ సీమలోనూ ఉన్న తెలుగువాళ్ళు చాలాకాలం తమ భాష కోసం చెవి పెట్టింది అటే. హైదరాబాదు కథ వేరు. అక్కడ తపాలా శాఖ ఉద్యోగి మహబూబ్ అలీ 1930ల మొదట్లో ఒక చిన్న స్టేషను పెట్టారు. 1935లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది. అదే దక్కన్ రేడియో. అందులో ఉర్దూదే పెద్దపీట, తెలుగుకూ కొంత చోటు ఉండేది.

దేశ విభజన నాటికి ఆలిండియా రేడియోకు ఉన్న స్టేషన్లు తొమ్మిది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు, లక్నో, తిరుచిరాపల్లి మనకు మిగిలాయి. లాహోరు, పెషావరు, ఢాకా పాకిస్తాన్‌కు వెళ్ళాయి. ఆ తొమ్మిదింటిలో తెలుగు నేల మీద ఉన్నది ఒక్కటీ లేదు. విజయవాడ స్టేషను 1948 డిసెంబరు 1న వచ్చింది. దక్కన్ రేడియో 1950 ఏప్రిల్ 1న ఆలిండియా రేడియోలో కలిసింది. కడప, విశాఖపట్నం స్టేషన్లకు 1963 దాకా ఆగాల్సి వచ్చింది.

ఈ తేదీలకూ రేడియో పెట్టెకూ సంబంధం ఉంది. స్టేషను దూరమైతే పగటిపూట మీడియం వేవు అందదు, షార్ట్ వేవు కావాలి. అందుకే మన దేశంలో అమ్మిన సెట్లలో ఒక మీడియం వేవు బ్యాండుతో పాటు రెండు మూడు షార్ట్ వేవు బ్యాండ్లు ఉండటం మామూలు. ఇంగ్లండులో వాడుకకు చేసిన సెట్లలో లాంగ్ వేవు ఉంటుంది. మన దగ్గర లాంగ్ వేవు ప్రసారాలు లేవు. కాబట్టి అంగట్లో డయలు మీద లాంగ్ వేవు అని కనిపిస్తే ఆ సెట్టు సముద్రం దాటి వచ్చిందని అర్థం. బాగుండవచ్చు గానీ, మన ఊరి ఇంట్లో మోగిన రకం అది కాదు.

షార్ట్ వేవుకు ఇంకో గిరాకీ కూడా తగిలింది. 1952లో సమాచార శాఖ మంత్రిగా వచ్చిన బి.వి. కేస్కర్‌కు సినిమా పాటలంటే గిట్టలేదు. శాస్త్రీయ సంగీతానికి పెద్దపీట వేసి, సినిమా పాటను ఆలిండియా రేడియో నుంచి దాదాపు బయటికి పంపారు. శ్రోతలు ఊరుకోలేదు, ముల్లు తిప్పి రేడియో సిలోను పట్టుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైన్యం కోసం పెట్టిన షార్ట్ వేవు ట్రాన్స్‌మిటరు యుద్ధం ముగిశాక ఆ స్టేషను చేతికి వచ్చింది. దానితో అది మన దేశమంతటా వినిపించేది. చివరికి ప్రభుత్వమే దిగివచ్చి 1957 అక్టోబరు 3న వివిధ భారతిని ప్రారంభించింది. ఆ నడిమి అయిదేళ్ళలో కొన్న సెట్టు దొరికితే, అది వార్తల కోసం ఎంత కొన్నదో పాటల కోసమూ అంత కొన్నదనుకోవచ్చు.

వాల్వు మీది అక్షరాలు

వెనక అట్ట ఊడదీస్తే అసలు పాఠం మొదలవుతుంది. గాజు వాల్వుల మీద తెల్ల రంగుతో ఇ.సి.హెచ్.81, ఇ.ఎల్.84, ఇ.జెడ్.80 వంటి గుర్తులు ఉంటాయి. ఇవి యూరపు పద్ధతి పేర్లు, చదవడం చాలా సులువు. మొదటి అక్షరం ఫిలమెంటు సంగతి చెబుతుంది. ‘ఇ’ అంటే 6.3 వోల్టులు. ‘యు’ అంటే 100 మిల్లీ ఆంపియర్ల కరెంటు మీద వరసగా కలిపే రకం. ‘డి’ అంటే 1.4 వోల్టులు, అంటే బ్యాటరీ రకం. తరవాతి అక్షరాలు చేసే పనిని చెబుతాయి. ‘సి’ ట్రయోడు. ‘హెచ్’ స్టేషను తరంగాన్ని సెట్టులో పుట్టే తరంగంతో కలిపే వాల్వు. ‘ఎల్’ స్పీకరును నడిపే వాల్వు. ‘జెడ్’, ‘వై’ కరెంటును ఏకముఖం చేసే రెక్టిఫయర్లు. ‘ఎం’ పచ్చగా వెలిగే మేజిక్ ఐ. అంకెల్లో మొదటిది కింది కాళ్ళ అమరిక. 3 అంటే పెద్ద ఎనిమిది కాళ్ళ ఆక్టల్, 4 అంటే రిమ్‌లాక్, 8 అంటే తొమ్మిది కాళ్ళ నోవల్, 9 అంటే ఏడు కాళ్ళ చిన్న వాల్వు. ఆక్టల్ 1935లో వచ్చింది, రిమ్‌లాక్ యుద్ధం తరవాతిది, నోవల్ 1950ల సెట్లలో విరివిగా కనిపిస్తుంది. కాలం లెక్కకట్టడానికి ఈ మాత్రం చాలు. 6వి6, 5వై3 వంటి పేర్లు అమెరికా పద్ధతివి. అక్కడ మొదటి అంకే ఫిలమెంటు వోల్టేజి.

ఇప్పుడు ఆ మొదటి అక్షరం వెనక ఉన్న ఇల్లు చూడండి.

‘డి’ వాల్వులున్నది కరెంటు లేని ఊరి సెట్టు. 1950లలో మన పల్లెల్లో చాలావాటికి కరెంటు లేదు. డి.కె.96, డి.ఎఫ్.96, డి.ఎ.ఎఫ్.96, డి.ఎల్.96 అనే నాలుగు వాల్వులు కలిసి ఫిలమెంటు కోసం వాడుకునేది 125 మిల్లీ ఆంపియర్లే. దానికి ఒకటిన్నర వోల్టు బ్యాటరీ, ప్లేట్లకు 90 వోల్టుల బ్యాటరీ ఉండేవి. బ్యాటరీ అయిపోతే పట్నం వెళ్ళి తేవాలి. అందుకే అటువంటి ఇళ్ళలో వార్తల వేళకు పెట్టి, అవగానే కట్టేసేవాళ్ళు.

‘యు’ వాల్వులున్నది ఎ.సి., డి.సి. రెండింటి మీదా నడిచే సెట్టు. కలకత్తా వంటి నగరాల్లో కొన్ని పేటలకు అప్పట్లో డి.సి. సరఫరా ఉండేది. డి.సి. మీద ట్రాన్స్‌ఫార్మరు పని చెయ్యదు. కాబట్టి దాన్ని మానేసి, పెళ్ళి పందిట్లో సీరియల్ బల్బుల దండలాగా ఫిలమెంట్లన్నిటినీ వరసగా కలిపారు. ట్రాన్స్‌ఫార్మరు ఖర్చు తప్పింది కనుక ధర తగ్గింది. డి.సి. ఊసే లేని ఊళ్ళలోకి కూడా ఈ సెట్లు వచ్చింది అందుకే.

‘ఇ’ వాల్వులూ, పక్కనే బరువైన ట్రాన్స్‌ఫార్మరూ ఉంటే అది నికరమైన ఎ.సి. కరెంటు వచ్చిన ఇంటి సెట్టు. ఫిలిప్స్, మర్ఫీ, బుష్, హెచ్.ఎం.వి., జి.ఇ.సి., నేషనల్ ఎకో వంటి పేర్ల మీద వచ్చిన మధ్యతరగతి సెట్లలో ఇవి చాలా ఉన్నాయి. ఇటువంటి వాటిలో కొన్ని వాల్వుల మీద బి.ఇ.ఎల్. అని కనిపిస్తే అవి 1954లో స్థాపించిన బెంగుళూరు భారత్ ఎలక్ట్రానిక్స్‌లో తయారైనవి. దిగుమతుల మీద ఆంక్షలున్న రోజుల్లో పాత వాల్వు కాలిపోతే మన మెకానిక్కులు పెట్టిన మారువాల్వులు ఎక్కువగా అవే.

ఎంచుకునేటప్పుడు

మొదటి సెట్టుగా ట్రాన్స్‌ఫార్మరున్న ఎ.సి. సెట్టునే తీసుకోమంటాను. కారణం ప్రాణభయం. ట్రాన్స్‌ఫార్మరు లేని సెట్టులో ఛాసిస్, అంటే లోపలి రేకు పళ్ళెం, నేరుగా ఇంటి కరెంటుకు తగులుకుని ఉంటుంది. ప్లగ్గు ఒక వైపు పెడితే న్యూట్రల్, తిప్పి పెడితే ఫేజు. నాబు ఊడిన ఇనప కడ్డీని ముట్టుకున్నా చాలు. ఇటువంటిది తాతగారిదే దొరికితే వదులుకోనక్కరలేదు. ఒకటికి ఒకటి ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు కొని, దాని ద్వారానే నడపండి. ఎర్తు తీగను మాత్రం ఎన్నడూ ఛాసిస్‌కు నేరుగా కలపకండి.

ఇక చూడవలసినవి. చెక్కకు చెదలు, లోపల ఎలుక గూడు ఉన్నాయా? డయలు గాజు పగిలిందా? పగిలితే మరొకటి దొరకడం కష్టం, ఊళ్ళ పేర్లూ మీటర్లూ దాని మీదే ఉంటాయి. స్పీకరు కాగితం చిరిగిందా? ట్యూనింగు కండెన్సరు రేకులు ఒకదానికొకటి తగలకుండా తిరుగుతున్నాయా? ట్రాన్స్‌ఫార్మరు కాలిన వాసన వస్తోందా? ముల్లు లాగే దారం తెగిపోతే భయం లేదు, అది మార్చుకోవచ్చు. వాల్వులు పోయినా ఈ సాధారణ నంబర్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి. కాలిన మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మరు, పోయిన కాయిళ్ళు, పగిలిన డయలు గాజు — ఈ మూడే సెట్టును వద్దనుకోవడానికి సరైన కారణాలు. పైన పాలిష్ మెరుపు చూసి మోసపోవద్దు. లోపల వాల్వులు పీకేసి చైనా బోర్డు, బ్లూటూత్ పెట్టిన పెట్టెలు ఈమధ్య అంగళ్ళలో చాలా కనిపిస్తున్నాయి.

సెట్టుతో పాటు పాత లైసెన్సు పుస్తకం కూడా అడగండి. 1980ల నడుమ దాకా రేడియోకు ఏటా పోస్టాఫీసులో రుసుము కట్టి లైసెన్సు తీసుకోవాలి. ట్రంకు పెట్టె అడుగున ఆ పుస్తకం దొరికితే, రేడియో ఎవరిదో, ఎన్నేళ్ళు మోగిందో తపాలా ముద్రలే చెబుతాయి.

స్విచ్చి వేసే ముందు

దొరికిన ఉత్సాహంలో ప్లగ్గు పెట్టెయ్యడం వల్లే ఎక్కువ సెట్లు చచ్చిపోతాయి. ముప్ఫై నలభై ఏళ్ళు ఊరికే ఉన్న సెట్టులో వాల్వులు బాగానే ఉంటాయి, చెడిపోయేవి కండెన్సర్లు. మైనపు పూత పూసిన కాగితపు కండెన్సర్లు మన ఉక్కపోతకు చెమ్మ పీల్చి లీకవుతాయి. వాటన్నిటిలో కీలకమైనది ఒకటుంది. స్పీకరు వాల్వు గ్రిడ్డుకు శబ్దాన్ని అందించే కప్లింగు కండెన్సరు. అది కారితే గ్రిడ్డు మీదికి పాజిటివ్ వోల్టేజి వస్తుంది. దానితో ఆ వాల్వు హద్దు లేకుండా కరెంటు లాగి, తానూ ఎర్రబడి, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరునూ కాలుస్తుంది. కొన్ని రూపాయల భాగం మార్చనందుకు సెట్టు మొత్తం పోతుంది. దాని స్థానంలో అదే విలువగల 630 వోల్టుల పాలియెస్టరు కండెన్సరు వెయ్యండి. రెక్టిఫయరు పక్కన ఉండే పెద్ద ఎలక్ట్రొలిటిక్ కండెన్సర్లు కూడా మార్చాలి. ఎక్కువ విలువ వేస్తే గుయ్‌మనే మోత తగ్గుతుందని పెద్దది వెయ్యకూడదు. ఇ.జెడ్.80 వంటి రెక్టిఫయరు 50 మైక్రోఫారడ్లకు మించి తట్టుకోదు.

వెనక వోల్టేజి మార్చే మీట ఉంటే దాన్ని అన్నిటికన్నా పై అంకె మీద పెట్టండి. తరవాత ఎలక్ట్రీషియన్లు వాడే సిరీస్ టెస్టింగు బోర్డు తెచ్చి, అందులో 60 వాట్ల పాత ఫిలమెంటు బల్బు పెట్టి, దాని ద్వారా సెట్టుకు కరెంటు ఇవ్వండి. ఎల్.ఇ.డి. బల్బు ఇందుకు పనికిరాదు. స్విచ్చి వెయ్యగానే బల్బు ఒక్కసారి వెలిగి మందగిస్తే మంచిదే. పూర్తి కాంతితో అలాగే ఉండిపోతే లోపల షార్టు ఉంది, కట్టెయ్యండి. బాగుంటే అర నిమిషానికి ఫిలమెంట్లు ఎర్రగా కనిపిస్తాయి. స్పీకరులో సన్నని గుయ్‌మనే ధ్వని వస్తుంది. ఆ తరవాత బల్బు తీసేసి నేరుగా కరెంటు ఇచ్చి, స్పీకరు వాల్వు గ్రిడ్డు దగ్గర వోల్టేజి కొలవండి. ఇ.ఎల్.84 వంటి వాల్వుకు అది సున్నా దగ్గర ఉండాలి. పాజిటివ్‌గా ఉంటే మళ్ళీ కప్లింగు కండెన్సరునే అనుమానించండి.

లోపల 250 వోల్టుల దాకా డి.సి. ఉంటుంది, అది స్విచ్చి ఆపినా కండెన్సర్లలో కాసేపు నిలుస్తుంది. ప్లగ్గు పీకి, రెసిస్టరు ద్వారా దాన్ని దించాకే చెయ్యి పెట్టండి. కరెంటు మీద కొలవాల్సి వస్తే ఒక చెయ్యి జేబులో పెట్టుకోవడం పాత మెకానిక్కుల నియమం. టంకం అలవాటు లేనివాళ్ళు ఈ పనికి దిగవద్దు. ప్రతి పట్నంలోనూ రేడియోలు బాగుచేసిన పెద్దాయన ఒకరు ఇంకా ఉంటారు. పని ఆయన చేత చేయించుకుని, పక్కన కూర్చుని చూడండి. ఆ విద్య కూడా ఆ సెట్టుతో పాటే అటకెక్కుతోంది.

బ్యాటరీ సెట్టు వాళ్ళకు ఒక మాట. 90 వోల్టుల బ్యాటరీలు ఇప్పుడు అంగట్లో లేకున్నా, తొమ్మిది వోల్టుల చిన్నవి పది వరసగా కలిపితే సరిపోతుంది. ఫిలమెంటుకు ఒక పెద్ద టార్చి సెల్లు చాలు. తీగలు తారుమారై 90 వోల్టులు ఫిలమెంటుకు తగిలితే మాత్రం నాలుగు వాల్వులూ ఒక్క క్షణంలో పోతాయి. రెండుసార్లు చూసి కలపండి.

ఏరియలు, ఎర్తు, చోటు

ఈ సెట్లు బయటి ఏరియలును నమ్ముకుని చేసినవి. డాబా మీద రెండు కర్రల నడుమ పది పదిహేను మీటర్ల రాగి తీగ, చివరల పింగాణీ ఇన్సులేటర్లు, అక్కడి నుంచి గదిలోకి దించే తీగ ఉంటే తేడా మీకే తెలుస్తుంది. వానాకాలంలో ఉరుములు వినిపిస్తే ఏరియలు తీగ సెట్టు నుంచి పీకెయ్యండి. ట్రాన్స్‌ఫార్మరున్న సెట్టుకు ఎర్తు ఇస్తే గరగర తగ్గుతుంది. ఇప్పటి ఇళ్ళలో గరగరకు ముఖ్య కారణాలు ఎల్.ఇ.డి. దీపాలూ, ఫోను ఛార్జర్లూ. వాటిని ఒక్కొక్కటే ఆపి చూస్తే దొంగ దొరుకుతుంది. గోడకు ఆనించకుండా జానెడు ఎడం వదలండి. వాల్వుల వేడి పోవాలి.

పాత డయళ్ళ మీద అంకెలు చాలావరకు మీటర్లలో ఉంటాయి. 3,00,000ను కిలోహెర్ట్జులతో భాగిస్తే మీటర్లు వస్తాయి. విజయవాడ 837 కిలోహెర్ట్జులు 358 మీటర్ల దగ్గర, హైదరాబాదు 738 కిలోహెర్ట్జులు 406 దగ్గర పడతాయి. ఈ రెండూ తొమ్మిదితో భాగించబడటం కాకతాళీయం కాదు. 1978 నుంచి మన ప్రాంతంలో మీడియం వేవు స్టేషన్ల నడుమ ఎడం తొమ్మిది కిలోహెర్ట్జులు.

మీడియం వేవు, షార్ట్ వేవు ప్రసారాలు ప్రపంచమంతా తగ్గిపోతున్నాయి, మన దేశంలోనూ ఎఫ్.ఎం. వైపే మొగ్గు. రేపు వినడానికి ఏమీ లేకపోతే ఎలా అని అడిగేవాళ్ళున్నారు. దానికి జవాబు ఆ సెట్టు వెనకే ఉంది. గ్రామఫోను కలుపుకోవడానికి ఇచ్చిన పికప్ రంధ్రాలు రెండు. ట్రాన్స్‌ఫార్మరున్న సెట్టయితే, చిన్న ఆడియో ట్రాన్స్‌ఫార్మరు అడ్డుపెట్టి ఫోనులోని పాటను అందులోకి పంపవచ్చు. ఘంటసాల పాట అదే వాల్వు గుండా, అదే స్పీకరులో వినిపిస్తుంది. ఇందుకోసం లోపలి సరంజామా పీకనక్కరలేదు, ఒక్క తీగ కూడా కొయ్యనక్కరలేదు.

నా కోరిక ఒకటే. బాగుచేయించినప్పుడు తీసేసిన కండెన్సర్లు పారెయ్యకుండా ఒక కవరులో వేసి పెట్టె లోపలే ఉంచండి. ఒక కాగితం మీద రేడియో ఎవరిదో, ఏ ఊరిదో, ఏ సంవత్సరంలో కొన్నట్టు ఇంట్లో చెబుతారో, ఇప్పుడు ఏయే భాగాలు ఎప్పుడు మార్చారో రాసి వెనక అట్టకు లోపలివైపు అంటించండి. ఇంట్లో చోటు లేనివాళ్ళు అటువంటి కాగితంతో సహా ఒక సెట్టును మన బడి భౌతికశాస్త్రం ప్రయోగశాలకు ఇస్తే ఇంకా మంచిది. ఇప్పటి పిల్లలు వేడి ఫిలమెంటు నుంచి ఎలక్ట్రాన్లు బయటికి రావడం గురించి పుస్తకంలో చదువుతున్నారు. అది కళ్ళెదుట ఎర్రగా వెలుగుతూ విజయవాడ వార్తలు చదవడం వాళ్ళు ఇంకా చూడలేదు.